సెప్టిక్ ట్యాంక్‌కి విడిగా పర్మిషన్ తీసుకోవాలా? ప్లాన్‌లో ఏం చూపించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఈ మధ్యే మున్సిపాలిటీలో కలిసిన తెలంగాణ ఊళ్ళో మీకు 200 గజాల స్థలం ఉంది. 30×60 అడుగులు, తూర్పు ముఖం. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఇంకా రాలేదు కాబట్టి సెప్టిక్ ట్యాంక్ తప్పదు. మేస్త్రీ ఏమో "దానికి పర్మిషన్ ఏంటి సార్, తవ్వేద్దాం" అంటున్నాడు. టెక్సస్‌లో ఉన్న మీ అన్నయ్య ఏమో అక్కడ సెప్టిక్ పర్మిట్ చేతికొచ్చాకే ఇంటి పని మొదలుపెట్టానని చెప్పారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, అప్లై చేయాలంటే ఎక్కడ అని అడిగారు.

సూటిగా చెప్తాను. తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ మామూలు ఇంటి సెప్టిక్ ట్యాంక్‌కి విడిగా పర్మిట్ ఉండదు. ఇంటి పర్మిషన్‌లోనే అది ఒక భాగం. ప్లాన్ గీసేటప్పుడు ట్యాంక్ ఎక్కడ, సోక్ పిట్ (ట్యాంక్ నుంచి వచ్చే నీళ్ళు నేలలోకి ఇంకే గుంత) ఎక్కడ, బోరు ఎక్కడ అని సైట్ ప్లాన్‌లో చూపిస్తారు, ప్లాన్ ఓకే అయితే అవీ ఓకే అయినట్టే. అంటే మీ మేస్త్రీ చెప్పింది సగం నిజం. విడిగా అక్కర్లేదు గానీ, ప్లాన్‌లో లేకుండానో, చూపించిన చోట కాకుండానో తవ్వితే అది పర్మిషన్‌కి విరుద్ధంగా కట్టినట్టే.

మీ అన్నయ్య చెప్పింది కూడా నిజమే, అక్కడి పద్ధతి వేరు. టెక్సస్‌లో లైసెన్స్ ఉన్న మనిషి వచ్చి స్థలంలో గుంతలు తీసి మట్టి చూస్తాడు, ఆ మట్టిని బట్టి డిజైన్ చేస్తారు, కౌంటీ వాళ్ళు ఆ డిజైన్‌ని ఓకే చేస్తారు, కట్టాక మట్టి కప్పకముందు ఇన్‌స్పెక్షన్ చేస్తారు. ఇక్కడ మట్టి చూసే మనిషీ లేడు, పూడ్చే ముందు వచ్చే ఇన్‌స్పెక్టరూ లేడు. ఆ రెండు పనులూ మీరే చేసుకోవాలి. ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

నేను లైసెన్స్ ఉన్న సివిల్ ఇంజినీర్‌ని. ఖమ్మం, కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు ఇళ్ళ ప్లాన్లు గీసి, పర్మిషన్లు పెట్టించి, సైట్‌లో నిలబడి కట్టించడం ఇరవై ఏళ్ళకు పైగా నా పని. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే.

ముందు అప్లికేషన్ సంగతి. తెలంగాణ మున్సిపాలిటీల్లో 2020లో ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది, 2025 నుంచి బిల్డ్‌నౌ అనే పోర్టల్ వస్తోంది. పోర్టల్ ఏదైనా లెక్క ఒకటే. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే మీ సొంత ధ్రువీకరణ మీద వెంటనే పర్మిషన్ వస్తుంది. అంతకు మించితే 21 రోజుల గడువుతో సింగిల్ విండో. మీది 200 గజాలు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు, కాబట్టి మీరు రెండో రకంలోకి వస్తారు. రిజిస్టర్డ్ డాక్యుమెంట్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ అప్రూవ్డ్ కాకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాగితం, ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్స్ ఉన్న టెక్నికల్ మనిషి) సంతకంతో ప్లాన్ కావాలి. ఫీజు మీరు కట్టే ఇంటి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, ట్యాంక్‌కి అంటూ విడిగా ఏమీ పడదు.

ఆంధ్ర వైపు చదివేవాళ్ళకి: అక్కడ 2017 బిల్డింగ్ రూల్స్ నడుస్తాయి, అప్లికేషన్ డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎల్‌టీపీ ద్వారానే పెడతారు. పల్లెటూరైతే రెండు చోట్లా పంచాయతీ కార్యదర్శిని కలవండి. అక్కడ సర్కారు సాయంతో మరుగుదొడ్డి కట్టుకునేవాళ్ళకి సెప్టిక్ ట్యాంక్ కంటే జంట గుంటల పద్ధతే మేలని నా అభిప్రాయం. ఒక గుంట నిండాక రెండోదానికి మార్చి, నిండినదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే అది ఎండి ఎరువవుతుంది, మురుగు లాగే బండి పిలవాల్సిన పని లేదు. స్వచ్ఛ భారత్ కింద అర్హులకి ఇచ్చే 12,000 రూపాయలు కూడా ఆ రకం మరుగుదొడ్డిని దృష్టిలో పెట్టుకున్నదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సొంత ధ్రువీకరణ అంటే చాలామంది "ఎవరూ చూడరులే" అని అర్థం చేసుకుంటున్నారు. కానీ ఆ కాగితం మీద సంతకం మీది. ప్లాన్ ప్రకారం కడతాను, లేకపోతే తీసేసినా అభ్యంతరం లేదు అని రాసి ఇస్తున్నారు, నోటీసు లేకుండా తొలగించే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. సెప్టిక్ ట్యాంక్ కోసం ఎవరో వచ్చి ఇల్లు కూలుస్తారని భయపెట్టడం లేదు. పక్కింటాయన తన బోరు పాడైందని కంప్లయింట్ పెట్టిన రోజు మొదట తీసేది మీ ప్లానే. అందులో ట్యాంక్ ఒక చోట, నేల మీద ఇంకో చోట ఉంటే మీ తరఫున మాట్లాడేందుకు ఏమీ మిగలదు.

ఇప్పుడు ప్లాన్‌లో ట్యాంక్‌ని చూపించే చిన్న గడి గురించి. చాలామంది ఎల్‌టీపీలు పాత డ్రాయింగ్ లోంచి ఎస్‌టీ అని రాసి ఉన్న గడిని కాపీ చేసి ఏదో ఒక మూల అతికిస్తారు. కొలత ఉండదు, లోతు ఉండదు. మీరు కూర్చుని అడిగి గీయించుకోండి. ఐఎస్ 2470 అని దీనికి మన దేశ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 5గురు వాడే ఇంటికి లోపలి కొలతలు 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు. పది మందికైతే 2 మీటర్లు, 0.9 మీటర్లు, 1 మీటరు. ఇది రెండేళ్ళకోసారి ఖాళీ చేయించే లెక్క. నీటి మట్టం పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. పైన ఒక పోర్షన్ వేసి అద్దెకివ్వాలనే ఆలోచన మీకుంటే ఇప్పుడే పది మంది లెక్క వేసుకోండి, తర్వాత పెంచడం కుదరని పని.

ఈ కొలతలు చూసి "ఇంత చిన్నదా?" అంటారు. మన దగ్గర పది పన్నెండు అడుగుల లోతు తవ్వే అలవాటు కదా. ట్యాంక్‌లో జరగాల్సింది నీళ్ళు నిదానంగా సాగడం, బరువైనది కింద దిగడం, తేలేది పైన ఆగడం. దానికి పొడవు కావాలి, బావి లాంటి లోతు కాదు. వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు పొడవుండాలని ప్రమాణం చెప్పేది అందుకే. 2000 లీటర్లు దాటితే మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ కట్టి రెండు గదులు చేయాలి. లోపలికొచ్చే పైపుకీ బయటికెళ్ళే పైపుకీ టీ బెండ్ (T ఆకారపు పైపు ముక్క) తప్పనిసరి, బయటికెళ్ళేది రెండు అంగుళాలు కిందికి ఉండాలి. మేస్త్రీలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఆ బయటి టీ. అది లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా సోక్ పిట్‌లోకి పోయి, చుట్టూ మట్టి రంధ్రాలు మూసుకుపోయి, కొన్నాళ్ళకే బాత్రూంలో నీళ్ళు వెనక్కి తన్నడం మొదలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ట్యాంక్ అడుగున కాంక్రీట్ బెడ్. "కింద బెడ్ వద్దు సార్, నీళ్ళు ఇంకిపోతాయి, మీకు జన్మలో నిండదు" అని మేస్త్రీ తప్పకుండా అంటాడు. అతను మోసం చేస్తున్నాడని కాదు, అతను నేర్చుకున్నదే అది, ఓనర్లకి కూడా ఆ మాట తియ్యగా ఉంటుంది. కానీ నిండకపోవడం అంటే లోపలిదంతా భూమిలోకి పోతోందనే. ఖమ్మం అవతల ఒక కాలనీలో ఒకాయన బోరు నీళ్ళు వానాకాలంలో మాత్రమే వాసన వస్తున్నాయని నన్ను పిలిచారు. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే కోలిఫాం (మురుగు కలిసిందని అనుమానించాల్సిన బాక్టీరియా) ఉందని వచ్చింది. ఆయన ట్యాంక్ బాగానే ఉంది. గోడ అవతల పక్కింట్లో మూత తీయించి చూస్తే సిమెంటు రింగులు దింపిన బావి, అడుగున ఉత్త మట్టి. ఇల్లు కట్టినప్పటి నుంచి ఒక్కసారీ బండి పిలవలేదని ఆ ఇంటివాళ్ళు చాలా గొప్పగా చెప్పారు. వానలకి భూగర్భ నీళ్ళు పైకొచ్చి ఆ రింగుల అడుగుని తాకుతున్నాయి, బోరు కేసింగ్ (బోరు లోపల దింపే గొట్టం) పక్కన ఖాళీ లోంచి కిందికి దిగుతున్నాయి. రెండిళ్ళ పిల్లలూ వానాకాలమంతా విరేచనాలతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నా ఎవరికీ ఈ లింకు తట్టలేదు.

కాబట్టి బెడ్ వేయించి, గోడలకి లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించి, మూత వేయకముందు ట్యాంక్ నిండా నీళ్ళు పెట్టించండి. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి రాత్రంతా వదిలేయండి. మొదటి రోజు ఇటుక, ప్లాస్టరింగ్ కొంచెం పీల్చుకుంటాయి, మళ్ళీ నింపి రెండో రాత్రి చూడండి. అప్పుడు కూడా గీత కిందికి స్పష్టంగా దిగితే లీకు ఉన్నట్టే, సరిచేయించే దాకా మేస్త్రీకి ఆ పని డబ్బులు ఇవ్వొద్దు.

ఇక చోటు. మీ స్థలంలో అసలు చిక్కు ఇక్కడుంది. మామూలుగా బోరు ఈశాన్యంలో వేయిస్తారు, సెప్టిక్ ట్యాంక్ వాయవ్యంలో పెట్టమని వాస్తు వాళ్ళు చెప్తారు. మీది తూర్పు ముఖం కాబట్టి బోరు ముందు మూల, ట్యాంక్ వెనక మూల, మధ్యలో 60 అడుగుల దాకా దూరం. సోక్ పిట్ లాంటివి తాగునీటి బావికి 18 మీటర్లు, అంటే 59 అడుగుల దూరం ఉండాలని ప్రమాణం. కాగితం మీద ఇంచుమించు సరిపోయింది, బాగుంది అనిపిస్తుంది. కానీ మీ వెనక ప్లాట్ ఆయన కూడా వాస్తు చూసుకునే కడతాడు కదా. ఆయన ఈశాన్యం సరిగ్గా మీ వాయవ్యాన్ని తాకుతుంది. మీ సోక్ పిట్, ఆయన బోరు ఒకే గోడకి చెరోవైపు వస్తాయి. వీపు వీపు ఆనుకునే ప్లాట్లున్న లేఅవుట్లు అన్నిట్లో ఇదే కథ. ప్లాన్ పెట్టేవాళ్ళు తమ హద్దు లోపలే కొలుస్తారు గనక ఇది ఏ డ్రాయింగ్‌లోనూ కనబడదు.

నిజం చెప్పాలంటే 30×60 స్థలంలో సోక్ పిట్‌కి పూర్తిగా నియమం ప్రకారం చోటు దొరకదు. ఇంటికి 6 మీటర్ల దూరం కూడా ఉండాలంటుంది ప్రమాణం, అది 200 గజాల్లో జరిగే పని కాదు. అందుకని నేను నా దగ్గరికొచ్చేవాళ్ళతో ఇలా చేయిస్తాను. ట్యాంక్ వాయవ్యంలోనే ఉండనివ్వండి, నీరు కారనిదైతే అది ఎవరికీ హాని చేయదు. ట్యాంక్ తర్వాత ఇంకో చిన్న గది కట్టించి, కంకర నింపి, నీళ్ళు కింద నుంచి పైకి కంకర గుండా వెళ్ళేలా ఫిల్టర్ పెట్టించండి. ఆ తర్వాతే సోక్ పిట్. దాన్ని లోతుగా కాకుండా పైపైనే పెట్టండి, రెండు బోర్లకీ వీలైనంత ఎడంగా జరపండి. వెనక ప్లాట్ ఖాళీగా ఉంటే ఓనర్ ఫోన్ నంబర్ సంపాదించి బోరు ఎక్కడ వేస్తారని ఇప్పుడే అడగండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకి కూడా అనుమతి తీసుకోవాల్సిందే, కాబట్టి ఆయన ఎక్కడ వేస్తాడన్నది దాచే విషయం కాదు. మీ బోరు కేసింగ్ చుట్టూ పైభాగాన మట్టి తోసేయకుండా సిమెంటుతో మూయించండి. తాగడానికి మాత్రం బోరు నీళ్ళు వద్దు, మిషన్ భగీరథ కుళాయి పెట్టించుకుని బోరుని వాడకానికి ఉంచుకోండి.

సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, దగ్గర కూడా చాలామంది దెబ్బతింటారు. తెలంగాణలో నడుస్తున్న 2012 నాటి 168 జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి చిన్న రోడ్డయితే ముందు 1.5 మీటర్లు, మిగతా వైపులా 1 మీటరు వదలాలి. ఇప్పుడు లెక్క వేయండి. ట్యాంక్ లోపలి వెడల్పు 0.9 మీటర్లు, రెండు వైపులా తొమ్మిదంగుళాల గోడలు కలిపితే దాదాపు 1.36 మీటర్లు. ఒక మీటరు సందులో అది పట్టదు! ప్లాన్‌లో పట్టినట్టు గీస్తారు, సైట్‌లోకి వచ్చాక మేస్త్రీ వెడల్పు తగ్గించి లోతు పెంచేస్తాడు, లేదంటే ఇంటి పునాది పక్కనే చెక్కేస్తాడు. రెండూ వద్దు. వెనక ఐదు అడుగులు వదులుతూ ఇంటి ప్లాన్ ఇప్పుడే సర్దుకోండి, లేదా సన్నటి ఆర్‌సీసీ గోడలు పెట్టించండి. ఫుటింగ్‌ల గుంతలు తీసేటప్పుడే ట్యాంక్ గుంత కూడా తీయించడం మంచిది. స్లాబ్ పడ్డాక పునాది పక్కన తవ్వడం ఇంటికి ప్రమాదం.

మట్టి పరీక్ష గురించి. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక కూలీ చాలు. సోక్ పిట్ రాబోయే చోట అడుగు వెడల్పు గుంత, అనుకున్న లోతు దాకా తీయించండి. అడుగున రెండంగుళాలు సన్న కంకర వేసి, నిండా నీళ్ళు పోసి ముందురోజే బాగా నానబెట్టండి. మర్నాడు మళ్ళీ కొంచెం నీళ్ళు పోసి, స్కేలు పెట్టి, ఒక అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంట లోపైతే సోక్ పిట్ పనిచేస్తుంది. అరగంట నుంచి గంట అయితే గుంత కాదు, పొడుగ్గా కందకం తీసి చిల్లుల పైపు పరిచే పద్ధతి కావాలి. గంట దాటితే ఆ నేల నీళ్ళు తాగదు, ఎంత లోతు తవ్వినా అంతే. ఎర్ర చెల్క నేలల్లో మామూలుగా ఇబ్బంది రాదు. నల్లరేగడిలో మాత్రం ఎండాకాలం పగుళ్ళు చూసి మోసపోవద్దు, ఆ పగుళ్ళు మొదటి వానకే మూసుకుపోతాయి. అందుకే నానబెట్టాకే కొలవమంటున్నాను.

రాతి నేలైతే ఇంకో తలనొప్పి. షీట్ రాక్ (పలకలా పరుచుకున్న బండ) మీద నీళ్ళు ఇంకవు, ఎక్కడో పగులు దొరికితే మట్టిలో వడకట్టుకోకుండా నేరుగా దూరాన ఉన్న బోరులోకి పోతాయి. అక్కడ 18 మీటర్లు ఉన్నా ధైర్యం లేదు. గోదావరి డెల్టాలో దీనికి తిరగబడిన సమస్య. భీమవరం వైపు చాలా చోట్ల కొద్ది అడుగులు తవ్వితే నీళ్ళు, అక్కడ సోక్ పిట్ అంటే నీళ్ళల్లో మురుగు కలపడమే. నీటి మట్టం 1.8 మీటర్ల లోపు ఉంటే గుంత జోలికే పోకుండా నేల మీద మట్టి దిబ్బ పోసి అందులోకి వదలాలి. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంక్ దింపేవాళ్ళు దాన్ని కిందికి బిగించి, నీళ్ళు నింపి ఉంచాలి, ఖాళీగా వదిలేస్తే వరద రోజుల్లో అదే పైకి తేలిపోతుంది.

ఇంకో మాట, వాన నీటి ఇంకుడు గుంత వేరు, ఇది వేరు. చాలా ప్లాన్లలో ఇంకుడు గుంత కూడా చూపిస్తారు కాబట్టి కొంతమంది ఒకే గుంత తవ్వి రెండింటికీ వాడేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. వాన నీళ్ళు ఇంకేది బోరు కోసం, అందులో ట్యాంక్ నీళ్ళు కలిపితే మీ చేత్తో మీ బోరులో పోసుకున్నట్టే. డాబా మీద వాన నీళ్ళ పైపు కూడా పొరపాటున సెప్టిక్ లైన్‌కి కలపకూడదు, ఒక గట్టి వానకి ట్యాంక్‌లో దిగినదంతా కదిలి బయటికి కొట్టుకుపోతుంది.

గాలి గొట్టం మన దగ్గర ఆరడుగులు పెట్టి వదిలేస్తారు. ఇంటికి 15 మీటర్ల లోపు ట్యాంక్ ఉంటే గొట్టం ఇంటి పైకప్పు కంటే 2 మీటర్లు ఎత్తుండాలి, చివర దోమతెర కట్టాలి. పై అంతస్తు తర్వాత వేస్తే గొట్టాన్ని కూడా అప్పుడు పెంచండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి మేస్త్రీని పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించండి. ట్యాంక్ మీద స్లాబ్ వేసి, క్యూరింగ్ అయ్యాక, లోపలి సెంట్రింగ్ చెక్కలు తీయడానికి ఒక కుర్రాడిని చిన్న మూత లోంచి దింపుతారు. ట్యాంక్ కొత్తది, ఎవరూ వాడలేదు, ఏమవుతుందిలే అనుకుంటారు. కానీ మూసి ఉన్న గదిలో తడి చెక్క, నిలవ నీళ్ళు కుళ్ళి ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, వాసన కూడా రాకపోవచ్చు. దిగినవాడు పడిపోతాడు, వాడిని లాగడానికి ఇంకొకడు దిగుతాడు, ఆ వెనక మూడోవాడు. ఇలాంటి వార్తలు మీరూ చదివే ఉంటారు. నేను నా సైట్లలో ట్యాంక్ మీద స్లాబ్ పోయనివ్వను. బయట నేల మీద రెండడుగుల వెడల్పు పలకలు పోయించి, గట్టిపడ్డాక వరసగా పేర్పించి, సందులు సిమెంటుతో మూయిస్తాను. లోపల సెంట్రింగే ఉండదు, ఎవరూ దిగక్కర్లేదు. ఖర్చు కూడా పెద్ద తేడా ఏమీ ఉండదు.

వాడకం మొదలయ్యాక అయితే రక్షణ లేకుండా మనిషిని దింపడం చట్టరీత్యా నేరం. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంక్‌లో దింపి శుభ్రం చేయిస్తే మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మురుగు కాలువలు, ట్యాంకుల్లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. రెండు మూడేళ్ళకోసారి మున్సిపాలిటీ బండిని గానీ, మున్సిపాలిటీ గుర్తింపు ఉన్న బండిని గానీ పిలవండి. చాలా ఊళ్ళలో 14420 నంబరు పనిచేస్తుంది. బండివాడు ఎక్కడ పారబోస్తాడో కూడా అడగండి, వరంగల్ లాంటి చోట్ల దీనికోసం విడిగా శుద్ధి కేంద్రం ఉంది, మీ దగ్గర్లో ఉందేమో మున్సిపాలిటీలో తెలుస్తుంది.

బండి సంగతి ఇప్పుడెందుకంటే, ప్లాన్‌లోనే దానికి దారి ఉండాలి. మీ ట్యాంక్ ఇంటి వెనక వస్తుంది, సక్షన్ పైపు ఉత్తరం వైపు సందులోంచి లాగాలి. ఆ సందులో మెట్లు, జనరేటర్, బట్టల మిషన్ పెట్టేస్తే రేపు పైపు వెళ్ళదు. ట్యాంక్‌లో రెండు గదులు కట్టిస్తే రెండిటికీ విడివిడిగా మ్యాన్‌హోల్ మూతలు పెట్టించండి, మూతల మీద టైల్స్ వేయొద్దు. ఇంటి శోభ కోసం టైల్స్ వేసేసి, మూత ఎక్కడుందో మర్చిపోయి, డ్రిల్లింగ్ మిషన్‌తో వెతికిన ఇళ్ళు చాలా చూశాను.

ఇక మీరు వరసగా చేయాల్సింది. ముందు వెనక ప్లాట్ ఓనర్‌తో బోరు మాట. తర్వాత మట్టి పరీక్ష. ఆ రెండూ తేలాక ఎల్‌టీపీ దగ్గర కూర్చుని సైట్ ప్లాన్‌లో ట్యాంక్, ఫిల్టర్, సోక్ పిట్, ఇంకుడు గుంత, మీ బోరు, పక్కవాళ్ళ బోర్లు కొలతలతో వేయించండి, ట్యాంక్ అడ్డుకోత బొమ్మ కూడా పక్కన గీయించండి. పక్కవాళ్ళ బోర్లు చూపించమని ఏ పోర్టలూ అడగదు, అయినా వేయించండి. ఆ తర్వాతే అప్‌లోడ్. కట్టేటప్పుడు బెడ్ వేసిన రోజు, టీ బెండ్లు బిగించిన రోజు, నీళ్ళు నింపిన రోజు టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి వచ్చినవాళ్ళు అడిగినా, పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు అడిగినా చూపించొచ్చు.

నేల ఏ రకమో, చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో మీరు రాయలేదు. ఆ రెండూ, మట్టి పరీక్షలో అంగుళానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడ రాస్తే, సోక్ పిట్ సరిపోతుందా కందకం కావాలా, కొలతలు ఎంత ఉండాలో చెప్తాను.